బెజవాడకు రావలసిన నూలు

మా మేనమామగారి వీధిలో నూలు ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి ఎవరి ఇంట్లోకీ తొంగి చూడనక్కర్లేదు. ఎడ్లబండి ఎటు పోతోందో చూస్తే చాలు. నూలున్న రోజుల్లో పొద్దు పొడవకముందే వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా మగ్గానికెక్కించాల్సిన పడుగు సాగదీసి, దారాలకు గంజి పట్టించి, కుంచెలతో దువ్వేవారు. అది ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు. ఎవరి పడుగైనా సరే వీధంతా వచ్చి చెయ్యి వెయ్యాల్సిందే. అది ఆరేదాకా బళ్ళన్నీ కాలవగట్టు మీదుగా చుట్టు తిరిగి పోయేవి. కలెక్టరు దాకా ఎందుకు, సాక్షాత్తూ వైస్రాయి ఏనుగెక్కి వచ్చినా మావాళ్ళు "కాస్త అటు తిరిగి రండి బాబూ, పడుగు తడిగా ఉంది" అనేవారని నా నమ్మకం.

యుద్ధం అయిపోయింది గాని నూలు మీద కంట్రోలు అయిపోలేదు. బళ్ళు వీధి మధ్యలోంచి తిన్నగా పోవడం మొదలుపెట్టాయి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చున్న మామయ్యకు చక్రాల చప్పుడు వినపడితే చాలు, ముఖం అటు తిప్పుకునేవాడు.

అప్పట్లో మనకు ఏ దేవుడైనా చెన్నపట్నంలోనే ఉండేవాడు. నూలుకు పర్మిట్టు కావాలన్నా పట్నం, ఆ పర్మిట్టు మీద ముద్ర కావాలన్నా పట్నం, ముద్ర సరిగ్గా పడలేదని చెప్పించుకోవాలన్నా మళ్ళీ పట్నమే. బెజవాడలో రైలెక్కినవాడు పనయ్యి తిరిగొచ్చేసరికి పెళ్ళాం గుర్తుపట్టక బిచ్చం వేసిన ఉదంతాలున్నాయి. ఉన్నాయని నేనే చెప్పేవాణ్ణి.

అలాంటి రోజుల్లో పట్నం నుంచి ఒక పెద్దమనిషి బెజవాడ వచ్చి సభలో మాట్లాడాడు. నేను అక్కడ ఒక గుడ్డల కొట్లో గుమాస్తాను. కొండల మీంచి దిగే ఆ సెగకు జనం తలల మీద అప్పడాలు పెడితే వేగేవి. అయినా కదలకుండా విన్నాం. ఇకమీదట అన్నీ రాజధానిలోనే పోగుపడి ఉండవనీ, జిల్లాలు కూడా దానితో పాటు పైకి రావాలనీ, ముందుగా బెజవాడలో ఒక నూలు డిపో పెట్టే విషయం ఆలోచిస్తున్నామనీ ఆయన అన్నాడు. అన్నది అంతే.

ఆ వాగ్దానాన్ని నేను పడవలో మామయ్య వీధికి మోసుకుపోయాను. పడవ ఒక్కొక్క లాకు దాటేకొద్దీ డిపో పెద్దదవుతూ వచ్చింది. మొదటి లాకు దగ్గర దానికి పక్కనే రంగుల కార్ఖానా లేచింది. రెండో లాకు దగ్గర రైలు పట్టాలు పడ్డాయి. వీధి అరుగు మీద కూర్చునేసరికి గుమ్మం గుమ్మానికీ నూలు దింపిపోయే లారీలు కూడా వచ్చేశాయి.

"పట్నం వాళ్ళు మన దగ్గరికొచ్చి నూలడుక్కునే రోజొస్తోంది మామయ్యా!"

"నిజంగా అట్టా అన్నాడట్రా అల్లుడూ?"

"అక్షరం తేడా లేదు."

ఆ మాట మీద మామయ్య ఒక పని చేశాడు. అత్తయ్య పెదనాన్న కొడుకు పట్నంలో ఒక షెడ్డులో మగ్గాలు నడిపిస్తున్నాడు. నూలు పంచేవాళ్ళ గుమ్మం ముందే ఉన్నాడు గనక అతనికి ఎప్పుడూ కరువు లేదు. "వచ్చెయ్యి బావా, ఒక మగ్గం నీది" అని మనిషి చేత కబురు పెట్టి ఉన్నాడు. మామయ్య ఆ మనిషితోనే, "నూలు ఇక్కడికే వస్తోంది, మేం రావటంలా" అని తిరుగు కబురు చెప్పి పంపించాడు. అరుగు మీద అరిటిపండు తింటూ నేను చూస్తూనే ఉన్నాను.

కొన్నాళ్ళకు నిజంగానే ఒక ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. డిపో అవసరం ఎంతుందో చూడ్డానికట. వీధిలో పండగ. ఆయనకు ఏం కప్పాలన్న దాని మీద అరుగు మీద పంచాయితీ. ఒక ముతక తువ్వాలు చాలన్నది అత్తయ్య.

"చాలకేం!" అన్నాడు మామయ్య. "ముతక గుడ్డ కప్పి సన్న నూలడిగితే నవ్విపోడూ? వీళ్ళకి నేత రాదు, నూలెందుకు దండగ అంటాడు. నీ చీరకని దాచావే, ఆ నూలు తీసియ్యి."

"అది అయిపోతే ఇంట్లో పోగు ఉండదు తెలుసా?"

"డిపో వస్తోందిగదే పిచ్చిమొఖమా!"

అత్తయ్య నా వంక ఒక చూపు చూసి, పెట్టె తెరిచింది.

ఆ నూలుతో మామయ్య నేసిన పంచెల చాపు, రెండు పంచెల ఒకే గుడ్డ, ఎలా వచ్చిందంటే, మడిచి నశ్యం డబ్బీలో పెట్టి మూత వెయ్యవచ్చు. ఎండకు పట్టి చూస్తే గుడ్డ కనపడేది కాదు, అంచు ఒక్కటే గాలిలో వేలాడుతున్నట్టుండేది. ఇందులో నేను పెంచి చెప్పింది కొంత ఉందిలెండి. కాని నేను గుడ్డల కొట్లో ఉన్నన్నాళ్ళలో అంతటి చాపు చేతిలోకి రాలేదన్నది మాత్రం పెంచని మాట.

ఆఫీసరు వచ్చాడు. తెలుగు రాదు. వీధిలో ఎస్సెల్సీ దాకా ఏడ్చిన వాణ్ణి నేనొక్కణ్ణే గనక నడిమి మనిషిని నేనే. మామయ్య చాపు ఆయన భుజాల మీద కప్పాడు. ఆయన దాన్ని వేళ్ళ మధ్య నలిపి, ఎండకు పెట్టి చూశాడు. తరువాత నా వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగాడు.

"ఇలాంటివి ఇక్కడ తరచుగా నేస్తారా?"

లేదండీ, ఇది ఇంట్లో మిగిలిన చివరి నూలు అని చెప్పవలసిన చోటు అది. నాకు అంత ఇంగ్లీషు వచ్చు కూడాను. కాని మావాళ్ళ నేతను ఒక దొర మెచ్చుకుంటున్నాడు, వీధంతా నా నోటివైపే చూస్తోంది, నా ఛాతీ కాలవలో తెరచాపలా పొంగింది.

"తరచుగానా సార్! ప్రతి ఇంట్లో, ప్రతి రోజూ! వీళ్ళు తుమ్మితే చాపు దిగుతుంది!" అని రెండు చేతులూ వీధి పొడుగునా చాచాను.

ఆయన హాయిగా నవ్వాడు. "సంతోషం. మగ్గాలు పూర్తిగా ఆగిపోయిన జిల్లాలున్నాయి. ముందు వాళ్ళ సంగతి చూడాలి" అని కారెక్కాడు. చాపు భుజాల మీదే ఉంది.

మామయ్య వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏవన్నాడ్రా?"

"నీ నేత చాలా బాగుందన్నారు మామయ్యా."

"చూశావటే!" అన్నాడు అత్తయ్యతో.

డిపో ఇప్పట్లో బెజవాడకు రాదనీ, అందాకా నూలు పట్నం నుంచే యథాప్రకారం వస్తుందనీ తరువాత కొట్లో చెప్పుకున్నారు. ఆఫీసరు చెప్పిన ఆ జిల్లాల్లోనూ పెట్టినట్టు నేను వినలేదు. నేను జరిగింది చెబితే, ఒక గుమాస్తాగాడి తుమ్ముకు సర్కారు మనసు మారుతుందా, పట్నం తన చేతిలోది ఎప్పుడైనా వదిలిందా అని మా షావుకారు నవ్వాడు. నిజమే కావచ్చు. అన్నిటినీ పెంచేవాణ్ణి నా తప్పును మాత్రం ఎందుకు వదిలిపెడతాను, దాన్నీ పెంచి చూసుకుంటున్నానేమో అని కూడా అనుకున్నాను. అలా అనుకున్న పూట అన్నం బాగానే దిగేది. మర్నాడు కొట్లో ఎవరో ఒకరు చాపు విప్పి ఎండకు పెట్టి చూసేవారు, ఆ ఊరట అక్కడితో సరి.

మామయ్య ఆ ఏడు ఎదురుచూశాడు. చివరికి పట్నంలోని బావమరిదికి తనే కబురు పెట్టాడు. ఒక మగ్గం ఇంకా ఖాళీగానే ఉందట. అత్తయ్య మాత్రం కదలనంది. నాకు పిలుపొచ్చింది.

"నువ్వు కొట్టు పని మీద పట్నం చూసొచ్చినవాడివి. అది ఎంత బావుంటదో మీ అత్తయ్యకి నీ నోటితో చెప్పరా" అన్నాడు మామయ్య. "కాస్త గట్టిగానే చెప్పు" అని వీధిలోకి వెళ్ళిపోయాడు.

మగ్గం గుంట ఒడ్డున కూర్చుని మొదలుపెట్టాను. సముద్రం, ట్రాములు, పంపు తిప్పితే నీళ్ళు. "మీట నొక్కితే చాలత్తయ్యా, ఇల్లంతా పట్టపగలు..."

"ఆపరా" అంది. "ఆ ఆఫీసరుకి చెప్పినట్టు నాకు చెప్పమాక."

"నీకెలా తెలుసు?"

"ఇంగ్లీషు రాకపోతే చేతులు కూడా కనపడవా? రెండు చేతులూ బార్లా చాచావు. ఆయన నవ్వి కారెక్కాడు. నూలు లేదని చెప్పేవాడు అంత పొడుగు చెయ్యి చాస్తాడా?"

"మామయ్యకి చెప్పావా?"

"ఎందుకు? నేతని మెచ్చుకున్నాడని ఇప్పటికీ పదిమందికీ చెప్పుకుంటున్నాడు. అదొక్కటేగా మిగిలింది." కాసేపు గుంటలోకి చూసింది. "ఒక్కటి చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు. అక్కడ పడుగు సాగదియ్యటానికి వీధి ఉంటదా?"

నేను ఆ షెడ్డు చూశాను. ముందు గోడ, వెనక గోడ, పక్కన మురుగుకాలవ. పడుగులు ఎక్కడో తయారై వస్తాయి. ఎవరి మగ్గం వాళ్ళది, పక్కవాడి పేరు కూడా తెలియదు. సమాధానం నోటికి సిద్ధంగానే ఉంది: వీధేమిటత్తయ్యా, మైలు పొడుగు, మన కాలవంత వెడల్పు. చేతులు అప్పుడే లేవబోతున్నాయి. వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

"ఉండదత్తయ్యా."

"ఊఁ" అంది. కొంగు బిగించి లేచింది. పెరట్లోంచి మట్టితట్ట తెచ్చి నా ముందు పెట్టింది. ఇల్లు వదిలిపోయేవాళ్ళు మగ్గం గుంట తెరిచి ఉంచి పోరు.

"పట్టు మరి" అంది. "మీ మామయ్య వచ్చేలోపల పూడ్చేద్దాం. ఆయన చూళ్ళేడు."

మట్టి మోస్తున్నంతసేపూ బయట బళ్ళు తిన్నగా పోతూనే ఉన్నాయి.