కామేశ్వరి గారి సి షిఫ్ట్ వారం

నిన్న మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే బంతి వెళ్ళి ఇనప షట్టర్‌కి తగిలి ఢామ్మంది. చదువుతున్న పేపరు అక్కడే పడేసి నేను చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి దిగిపోయాను. ఆ షట్టర్ పక్క గదిలో రాత్రి కాపలా కాసే వాచ్‌మన్ పడుకుంటాడు. పిల్లల్ని వెనక వైపుకి వెళ్ళి ఆడుకోమన్నాను. వాళ్ళు మూతులు ముడుచుకున్నారు. చివరికి తాండ్ర ఇస్తానని ఆశపెట్టి సాగనంపాను. మా ఆయన బాల్కనీలోంచి ఇదంతా చూసి, నువ్వింకా డ్యూటీ దిగలేదా అని నవ్వారు. దిగలేదు. ఆ డ్యూటీ నాకు అంటగట్టిన మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు. మీరూ చూసి ఉండరు. అందుకే చెబుతున్నాను.

డెబ్బైల చివర్లో విశాఖపట్నంలో సోషల్ వర్క్ చదివి, జంషెడ్‌పూర్‌లో ఇంజనీరుగా ఉన్న మా అన్నయ్య ఇంటికి వచ్చాను. పర్సుడీహ్ మార్కెట్ వెనక ఉన్న తెలుగు బస్తీలో ఒక చిన్న సంక్షేమ కేంద్రం ఉండేది. ఊళ్ళోని పెద్దలు కొందరు కలిసి నడిపేవారు. అందులో ఉద్యోగం దొరికింది. బస్తీ నిండా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఉక్కు కార్ఖానాలో పనికి కుదిరిన కుటుంబాలే. ఇంటికి ఒకే గది, ముందు చిన్న వసారా, పైన పెంకులు. పెద్దవాళ్ళు తెలుగులో అడిగితే పిల్లలు హిందీలో జవాబు చెప్పేవారు. ఆ కేంద్రాన్ని చూసుకునే ఆవిడ కామేశ్వరి గారు. విజయనగరం మనిషి. భారీ విగ్రహం, వాయిల్ చీర, చేతిలో మగవాళ్ళ గొడుగు. ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ, దేనికో ఒకదానికి నవ్వుతూ ఉండేవారు. బస్తీవాళ్ళు ఆవిణ్ణి సెంటరమ్మ అనేవారు.

నా మొదటిరోజే ఆవిడ చేత చివాట్లు తిన్నాను. భోజనమయ్యాక ఆవిడ కుట్టుమిషన్ల గదిలో చాప పరుచుకుని గంటసేపు పడుకుంటారు. ఆ సంగతి నాకు తెలియదు. హుషారుగా తలుపు తోసుకుని వెళ్ళి, పని చెప్పమని నిలబడ్డాను. ఆవిడ లేచి కూర్చుని అరిచిన అరుపుకి వరండాలో అల్లికలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టుకున్నారు. నా చదువు, నా పెంపకం, నా చెప్పుల చప్పుడు, ఏదీ వదల్లేదు. ఉద్యోగం వద్దని అన్నయ్యకి ఎలా చెప్పాలా అనుకుంటూ గుమ్మంలో కూర్చున్నాను. కాసేపటికి ఆవిడే టీ తెచ్చి నా పక్కన చతికిలబడి, నిద్ర మధ్యలో లేపితే తాను మనిషిని కాననీ, ఏమీ అనుకోవద్దనీ అన్నారు. అనుకున్నాను. కానీ టీ బాగుంది.

నేను చేరిన కొన్నాళ్ళకి గౌరి సంగతి వచ్చింది. గౌరికి ఎనిమిదేళ్ళు. తండ్రి అప్పన్న కార్ఖానాలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసేవాడు. తల్లి పొద్దున్నే బంగళాల్లో అంట్లు తోమడానికి పోయి మధ్యాహ్నం దాటాక వచ్చేది. మూడేళ్ళ తమ్ముణ్ణి చూసుకోవడానికి గౌరి బడి మానేసి ఇంట్లో ఉండేది. ఒకరోజు తమ్ముడు పళ్ళెం మీద గరిటె వాయిస్తుంటే, పడుకున్న అప్పన్న లేచి చేతికందిన స్టీలు గ్లాసు విసిరాడు. అది గౌరికి తగిలి కనుబొమ్మ మీద చిట్లింది. కుట్లు పడ్డాయి. వాడు పిల్లల మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు కాదని ఎదురింటి నూకాలమ్మ చెప్పింది.

విషయం కేంద్రం సెక్రటరీ గారి దాకా వెళ్ళింది. ఆయన బిష్టుపూర్‌లో ఉండే రిటైరైన తెలుగు ఇంజనీరు. మంచి మనిషే. రోలింగ్ మిల్లు హోరులో ఏళ్ళ తరబడి పనిచేసి గొంతు తగ్గించి మాట్లాడటం మరిచిపోయాడు, అంతే. రాంచీలో ఒక బాలికల హాస్టల్లో చోటు చూశాననీ, నెల తిరిగాక తానే వచ్చి పిల్లను తీసుకెళతాననీ వీధి దద్దరిల్లేలా ప్రకటించాడు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది కానీ వద్దనే ధైర్యం చెయ్యలేదు. నాకూ అదే సబబనిపించింది. మా పాఠాల్లో అలాంటి తండ్రుల గురించి చాలా చదువుకున్నాం.

కామేశ్వరి గారు మాత్రం ముందు ఇంటికి వెళదామన్నారు. మిట్టమధ్యాహ్నం వెళ్ళాం. తలుపు తీసిన అప్పన్న కళ్ళు మిరపపళ్ళలా ఉన్నాయి. భుజం మీద తడి తువ్వాలు. అడగవలసినవన్నీ మనసులో వరసగా పేర్చుకుని వెళ్ళానా, ఆవిడ ఒక్కటీ అడగనివ్వలేదు. పడుకో నాయనా, మళ్ళీ వస్తాం అని చెప్పి నా రెక్క పుచ్చుకుని లాక్కొచ్చేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మరుసటి వారం సాయంత్రం మళ్ళీ వెళితే, అదే అప్పన్న కొడుకుని భుజాల మీద కూర్చోబెట్టుకుని వసారాలో గుర్రం ఆట ఆడుతున్నాడు. గౌరి వెనకనుంచి తోస్తోంది. మమ్మల్ని చూసి సిగ్గుపడి, తనే టీ కాచి తెచ్చాడు. బయటికొచ్చాక, ఎంత బాగా నటిస్తున్నాడో చూశారా అన్నాను.

"వీడు ఇవాళ నిద్రపోయాడమ్మాయ్" అన్నారు కామేశ్వరి గారు. "మొదటిరోజు నీ మీద ఎలా విరుచుకుపడ్డానో మరిచిపోయావా? ఆ రోజు నా చేతికి గ్లాసు అందలేదు కాబట్టి సరిపోయింది."

మర్నాటి నుంచి ఆవిడ ఇల్లిల్లూ తిరిగి ఒకటే ప్రశ్న వేశారు. మీ ఇంట్లో ఎవరెవరు ఎప్పుడు నిద్రపోతారు? ఆడవాళ్ళు మొహాలు కొంగుల్లో దాచుకుని పడి పడి నవ్వారు. ఈ వయసులో ఇయ్యేం పెశ్నలమ్మా అని నూకాలమ్మ బుగ్గలు నొక్కుకుంది. నవ్వులు అయ్యాక మాత్రం జవాబులు వచ్చాయి. కార్ఖానాలో పొద్దుటిది ఎ షిఫ్ట్, మధ్యాహ్నానిది బి, రాత్రిది సి. వారం వారం మారుతుంది. రాత్రంతా కొలిమి దగ్గర ఉండి వచ్చినవాడు, పగలు ఒకే గదిలో, పెంకుల వేడిలో, పిల్లల అల్లరి మధ్య పడుకోవాలి. ఏ ఇంట్లో చూసినా పళ్ళేలు ఎగిరేదీ, పిల్లల వీపులు వాచేదీ ఆ సి షిఫ్ట్ వారంలోనే. ఇన్నాళ్ళూ మేం తాగుడు మానమని ఉపన్యాసాలు ఇస్తున్నాం. ఆ మగవాళ్ళలో సగంమంది తాగనే తాగరు.

ఆదివారం సెలవునాడు ఆవిడ అప్పన్న ఇంటికి వెళ్ళి వసారాలో పీట వేసుకు కూర్చున్నారు. నేనూ ఉన్నాను. అప్పన్న తలెత్తలేదు.

"నిద్ర చాలకపోవడం నీ తప్పు కాదు. చెయ్యి విసరడం మాత్రం నీ తప్పే" అన్నారావిడ. "మొదటిది మేం చూసుకుంటాం. రెండోది నువ్వు చూసుకోవాలి. చూసుకోలేకపోతే పిల్లను నేనే రాంచీకి తీసుకుపోతాను."

ఆ మొదటిదాన్ని చూసుకోవడానికి ఆవిడ కేంద్రాన్ని తలకిందులు చేశారు. కుట్టుమిషన్లను వరండాలోకి తోయించి, ఆ గదిని పొద్దుటినుంచి సాయంత్రం దాకా పిల్లలకి వదిలేశారు. ఏ ఇంట్లో సి షిఫ్ట్ నడుస్తుంటే ఆ ఇంటి పిల్లలు అక్కడికి రావాలి. ఆ వారం వేరే షిఫ్ట్‌లో ఉన్నవాళ్ళ ఆడవాళ్ళు వంతులు వేసుకుని వాళ్ళని చూసుకోవాలి. వారం మారితే వంతులూ మారతాయి. తమ్ముడు అక్కడికి వెళ్ళడంతో గౌరి మళ్ళీ బడికి పోవడం మొదలుపెట్టింది. అన్నిటికంటే విచిత్రం, తన సొంత నిద్ర గది పోయినా కామేశ్వరి గారు మారు మాట్లాడలేదు. పిల్లల మధ్యనే చాప వేసుకుని గుర్రుపెట్టేవారు. ఆవిణ్ణి లేపకుండా ఆడుకోవడం పిల్లలకి ఒక ఆటైపోయింది.

సి షిఫ్ట్ ఇళ్ళ తలుపుల మీద సుద్దముక్కతో సి అని రాసే పని గౌరిది. అక్షరం ముక్క రాని ముసలమ్మలు కూడా ఆ ఒక్క అక్షరం గుర్తుపట్టడం నేర్చుకున్నారు. పాత బట్టలకి గిన్నెలిచ్చే ఆమె ఆ తలుపు దగ్గరికి రాగానే కేక మింగేసి, దాటాక మళ్ళీ అందుకునేది. పనీపాటూ లేని ఒక మహానుభావుడు తన తలుపు మీద కూడా తనే రాసుకుని హాయిగా పడుకునేవాడు. వాళ్ళావిడ అది కనిపెట్టి తడిగుడ్డతో తుడిచి, వాణ్ణి నీళ్ళ బిందెతో కుళాయి దగ్గరికి తోలింది.

నెల తిరిగింది. చెప్పిన మాట ప్రకారం సెక్రటరీ గారు జీపులో వచ్చారు. ఆ వారం అప్పన్నది సి షిఫ్ట్. జీపు సందులోకి హారన్ కొట్టుకుంటూ రావడం, ఆయన దిగుతూనే పిల్ల ఎక్కడని గర్జించడం, నాలుగు వైపుల తలుపులు తెరుచుకోవడం ఒక్కసారే జరిగాయి. ఆడవాళ్ళందరూ పెదవుల మీద వేళ్ళు పెట్టుకుని ఆయన్ని చుట్టుముట్టారు. అప్పుడే బడి నుంచి వచ్చిన గౌరి పలక చంకలో పెట్టుకుని, ఆయన ఎదురుగా నిలబడింది.

"ధీరే బోలియే సాబ్" అంది. "బాబా సో రహే హైఁ." నాన్న పడుకున్నాడు, మెల్లగా మాట్లాడమని.

ఆ పిల్ల అక్కడ ఉంటుందో, రాంచీ పోతుందో ఆ క్షణాన నిజంగా ఎవరికీ తెలియదు. కాని ఆయన గొంతు తగ్గించడానికి పడుతున్న అవస్థ చూస్తే నవ్వు ఆగలేదు. ఆ పిల్ల బతుకు గురించిన విచారణ అంతా సి అని రాసిన తలుపు ముందు గుసగుసల్లోనే నడిచింది. నాన్న మళ్ళీ కొట్టాడా అని ఆయన అడిగితే గౌరి తల అడ్డంగా ఊపింది. ఆయన దానితో ఊరుకోకుండా నూకాలమ్మ వైపు చూశాడు.

"నాను ఎదురింట్లోనే ఉన్నాను కద బాబూ" అంది నూకాలమ్మ గొంతు తగ్గించి. "ఆడు సెయ్యెత్తితే నాకు తెలీకుంటాదేటి? ఎత్తనేదు. ఎత్తితే నానే మీకు కబురెడతాను."

ఆయన సుద్ద అక్షరం వైపు చూశాడు. తాను కూడా ఎన్నో ఏళ్ళు రాత్రి షిఫ్టులు చేసినవాడే. తమ ఇంట్లో పిల్లల్ని ఆ వేళ ఎక్కడ ఉంచేవారో తానెప్పుడూ ఆలోచించలేదని మెల్లగా అన్నాడు. పిల్లను ఉండనిద్దాం, నెలనెలా నేనే వచ్చి చూస్తాను అన్నాడు. తల్లి ఆయన కాళ్ళ మీద పడబోతే కామేశ్వరి గారు పట్టుకుని ఆపారు. డ్రైవరు జీపు స్టార్ట్ చెయ్యబోతే అందరం కలిసి ఆ తాళం చెయ్యి లాక్కున్నంత పని చేశాం. చివరికి జీపుని మెయిన్ రోడ్డు దాకా తోసుకెళ్ళాం. నడుం బిగించిన ఆడవాళ్ళు, నేను, పిల్లలు, ఒక పక్కన సాక్షాత్తూ సెక్రటరీ గారు. ఆయన ఆ రోజు నవ్వినట్టు మళ్ళీ నవ్వగా నేను చూడలేదు.

అప్పన్నకి ఇవేమీ తెలియవు. సాయంత్రం లేచి, పెళ్ళాం చెబితే విని, పరుగున కేంద్రానికి వచ్చాడు. గుమ్మం అవతలే నిలబడిపోయాడు.

"నా గుంటని ఉంచాలో పంపాలో మాటాడతంటే నన్ను లేపలేదేటమ్మా" అన్నాడు. "నాను మొద్దులా తొంగునే ఉన్నాను."

"నువ్వు తొంగున్నావు కాబట్టే మీ పిల్ల ఇక్కడుంది నాయనా" అన్నారు కామేశ్వరి గారు. "వెళ్ళు, డ్యూటీ వేళ లోపు ఇంకో కునుకు తియ్యి."

అతను ముఖం తువ్వాలులో దాచుకుని అక్కడే కాసేపు ఏడ్చాడు. ఆవిడ అక్కడే కూర్చుని వేయించిన శనగలు నమిలారు. నాకూ ఏడుపొచ్చింది. ఆవిడంటే నాకు ప్రాణం అని ఆ సాయంత్రమే తెలిసింది.

ఆ తర్వాత నేను ఎన్నో ఊళ్ళలో పనిచేశాను. ఎన్నో ఇళ్ళకి వెళ్ళాను. వెళ్ళేముందు చేతిలో ఫిర్యాదు ఉండేది, మనసులో కోపం ఉండేది. ఇప్పటికీ ఉంటుంది, కోపం నాకు తగ్గే జబ్బు కాదు. కానీ గడప దగ్గరికి వెళ్ళాక చెయ్యి దానంతటదే ఆగుతుంది. లోపల ఎవరు పడుకున్నారో, వాళ్ళు ఎప్పుడు పడుకున్నారో ముందు పక్కింట్లో కనుక్కుంటాను. ఆ తర్వాతే తలుపు తడతాను, అదీ మెల్లగా.