మా ఆయన పేరు చెప్పని మొక్క

మా ఆయన పెట్టిన మొక్కలన్నిటికీ పేర్లున్నాయి, ఆ ఒక్కదానికి తప్ప. టైడా అడవి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చి, అరకులో మా పెరటి గోడవార నాటారు. "ఏటండీ ఇది?" అంటే "కాయనీవే, చెప్తాను" అని నవ్వారు. అది కాసేలోగా ఆయనే పోయారు. ప్రతిదీ దాచిపెట్టి ఊరించడం ఆ మనిషికి సరదా. నాకిప్పటికీ కోపమే.

మూడో ఏడు అది పూసింది. కొమ్మల ఒంటినే అంటుకుని, ఆకు కనబడనంతగా నీలం పూలు. పొద్దున్నే మంచులో కాఫీ గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడితే, కాళ్లకింద నేల ఉందో లేదో తెలిసేది కాదు. తాగకుండానే కాఫీ చల్లారిపోయేది. ఫోన్లో ఫొటో తీసి అడిగితే ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు చెప్పింది. దాని మొహం, దానికేం తెలుసు!

పూలు రాలి పచ్చటి కాయలొచ్చాయి. అవి పండి నల్లబడ్డాయి, మిరియాల కంటే కాస్త పెద్దవి. సాలూరు నుంచి వచ్చిన మా అక్క వాటిని చూసి హడలిపోయింది.

"విషమో ఏటో! మీ మనవరాలు నోట్లో ఎట్టుకుంటే ఏటి సేత్తావు? బేగి కొట్టించీ!"

ఆ మాటా నిజమే. మనవరాలు సెలవులకి వస్తోంది. ఆయన చేత్తో పెట్టినదాన్ని కొట్టించడానికి మనసొప్పలేదు. ఉంచడానికి ధైర్యం చాల్లేదు. రెండు రోజులు అన్నం సహించలేదు.

వారంవారం కొండ మీంచి ఆకుకూరలు తెచ్చే ముసలమ్మని పెరట్లోకి లాక్కెళ్లాను. ఆకు నలిపి వాసన చూసి, "అల్లిచెట్టు కదమ్మా! మా పిల్లలు కడుపునిండా తింతారు" అంది.

హమ్మయ్య! గబుక్కున ఒక పండు కోసి నోటిదాకా తెచ్చాను. ఆమె నా చెయ్యి పట్టేసుకుంది.

"ఆగమ్మా, తొలికాపు కదా! కొత్త పండు ముందు పోయినోళ్లకి ఎడతాం. ఆళ్లు తిన్నాకే మనం. మీ ఇంట్లో పోయినోళ్లు నేరా?"

నోటిదాకా తెచ్చిన పండు కిందికి దించాను.

ఆమె వెళ్లాక అడ్డాకులో దోసెడు పళ్లు పోసి మొక్క మొదట్లో పెట్టాను. వంటింట్లో ఏం దించినా తొలిముద్ద నా నోట్లో పెట్టి, ఉప్పు సరిపోయిందా అని అడిగేవారాయన. కాపరం చేసినన్నాళ్లూ ముందు నేనే తిన్నాను.

"ఈసారి మీరు తినండి. నేనాగుతాను" అన్నాను.

చాలాసేపు ఆగాను.