అందరికీ అల్లుడే

గుడివాడలో మా పైవాటా అద్దెకు తీసుకుని, సొంత డబ్బుతో కంపెనీ పెట్టిన ఆ కుర్రాడు, తన దగ్గర సరుకు కొన్న ప్రతి రైతునీ రెండో మాటకే మావయ్యా అనేవాడు. రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోన్ మోగించే పరికరం అతను చేసేవాడు, నేను పెట్టెల్లో సర్దేదాన్ని. ఆ పిలుపుకే రైతులు కొన్నారు. ఆ పిలుపుతోనే అతనికి డబ్బు అడిగే నోరు పోయింది.

ఒకసారి ఇద్దరం బంటుమిల్లి వెళ్ళాం.

"ఇవాళ అడిగేస్తాను పిన్నిగారూ. నెట్ బిల్లు కట్టకపోతే అన్ని చెరువుల్లోనూ మన పరికరాలు ఆగిపోతాయి" అన్నాడు బస్సులో.

రైతు చెరువులో రొయ్య పట్టించి లారీకి ఎక్కిస్తున్నాడు.

"రా అల్లుడూ. రేటు పడిపోయింది, మేత కొట్టు బాకీకే చాలేట్టు లేదు. నువ్వంటే ఇంట్లోవాడివి, ఆగుతావు."

"పర్లేదు మావయ్యా."

రొయ్యల ఇగురుతో కడుపునిండా భోజనం పెట్టారు. బయటికొచ్చాక, "అడగలేదేం?" అన్నాను.

"వాళ్ళింట్లో అన్నం తిని ఎలా అడగనండీ?"

తర్వాత బైకు అమ్మాడు, కంప్యూటర్లు అమ్మాడు. చివరికి నెట్ ఆగిపోయింది. ఆ సంగతి రైతులకు చెప్పడానికి సిగ్గుపడి, రేపు కట్టేస్తాను, రేపు కట్టేస్తాను అనుకుంటూ వారం గడిపాడు.

గది ఖాళీ చేస్తుంటే ఆ బంటుమిల్లి రైతు ఫోన్ చేశాడు.

"అల్లుడూ, నీ పెట్టె ఫోన్ మోగించలేదు. కొత్తగా వేసిన రొయ్య పిల్లంతా చచ్చి తేలిపోయింది."

ఇప్పుడైనా బాకీ మాట ఎత్తుతాడేమోనని అతని ముఖంలోకి చూశాను.

"తప్పు నాదే మావయ్యా" అన్నాడు.