పంపు లేనోళ్ల స్లైడు

శృతి ఇరవై మూడు స్లైడులు చేసింది. రైతులు తమ పంట వివరాలను ఫోనులో తామే నమోదు చేసుకునే యాప్‌ ఒకటి వచ్చింది. దాన్ని ఎలా వాడాలో తెర మీద చూపించడానికి ఆ స్లైడులు. భూపాలపల్లిలో ఒక చిన్న కంపెనీలో చేరి ఆమెకు ఇంకా మూడు నెలలు కాలేదు, ఉద్యోగం ఖాయం కాలేదు. ముందు కాగితం మీద గడులు గీసుకుంది. గడికి ఒక్క బొమ్మ, ఒక్క వాక్యం. నొక్కాల్సిన చోట ఎర్ర సున్నా. కంపెనీ వాళ్లు ఇచ్చిన 'డిజిటల్ సాధికారత' అనే మాటను మొదటి స్లైడులోంచి తీసేసింది. దాన్ని నొక్కితే ఏదీ తెరుచుకోదు.

టేకుమట్లలో పెట్టిన శిక్షణకు నలభై మంది రైతులు వచ్చారు. శ్రద్ధగా చూశారు, తలలూపారు, ఫోన్లలో అన్నీ నింపారు. సాయంత్రానికి కంపెనీకి వివరాలు చేరింది పదకొండు మందివే.

"తక్కినయి ఏడికి పోయినయ్?" అన్నాడు మేనేజర్ చంద్రమోహన్. "శుక్రవారం మళ్ల పో. అప్పుడు గూడ గిట్లనే అయితే నీ స్లైడులను పక్కకు వెడ్తం, నిన్ను గూడ. జర సూసుకో."

శృతికి కారణం అంతుబట్టలేదు. సిగ్నల్ లేదందామంటే అందరూ ఒకే గదిలో కూర్చున్నారు. ఫోన్లు పాతవందామంటే, బక్కయ్య అనే రైతు అద్దం పగిలిన ఫోను నుంచి వివరాలు వచ్చాయి. చదువందామంటే, ఏడో తరగతి దాటని ధర్మా నుంచి వచ్చాయి, డిగ్రీ చదివిన భాగ్య నుంచి రాలేదు. చివరికి అక్షరాలు పెద్దవి చేసింది, ఎర్ర సున్నాలను మందం చేసింది. అలా ఎందుకు చేస్తున్నదో ఆమెకే తెలియదు.

శుక్రవారం మళ్లీ అదే నలభై మంది. ఈసారి శృతి లక్ష్మీనర్సమ్మ అనే పెద్దావిడ వెనకే నిలబడింది. ఆవిడ ఊరి పేరు, సర్వే నంబరు, వరి అన్నీ తప్పు లేకుండా నింపింది. ఆఖరి బటన్ దగ్గర ఆగి ఫోను సంచిలో వేసుకుంది.

"అవ్వా, ఆఖరుది ఒత్తలేదేంది?"

"గది నాకు గాదు బిడ్డా."

"ఎర్ర సున్నా పెట్టిన గద!"

"పంపు అని రాసున్నది. మాకు పంపెక్కడిది? చెరువు కింది పొలం. లేని పంపు ఉన్నదని ఒత్తితే, రేపు సార్లొచ్చి సూపియ్యమంటే యాడికెళ్లి తేవాలె?"

వివరాలను పంపు అనే అర్థంలో యాప్‌ వాళ్లు ఆ బటన్‌కు పేరు పెట్టారు. ఇక్కడ ఎవరైనా 'పంపియ్యి' అంటారు, కాదంటే 'తోలు' అంటారు. పొలం సంగతుల్లో పంపంటే నీళ్ల పంపే. పంపున్న పదకొండు మంది నిజాయతీగా ఒత్తారు. లేని ఇరవై తొమ్మిది మంది అంతే నిజాయతీగా మానుకున్నారు.

బటన్ మార్చడం శృతి చేతిలో లేదు. స్లైడులో పంపు అంటే 'తోలు' అని రాస్తానని ఫోనులో అడిగితే చంద్రమోహన్ నవ్వాడు.

"చెప్పుల దుకాణం అనుకుంటరు. ఇంకేమన్న జూడు."

అక్కడే కూర్చుని ఇరవై నాలుగో స్లైడు చేసింది: 'పంపు ఉన్నోళ్లు, లేనోళ్లు అందరు పంపు ఒత్తుండ్రి.'

అరగంటలో నలభై మందివీ చేరాయి. చంద్రమోహన్ ఫోను చేశాడు. "నౌకరి పక్కా. కాటారంల పెట్టే శిక్షణకు స్లైడులు గూడ నువ్వే చెయ్యి."

శృతి తెర చుట్టబోతుంటే లక్ష్మీనర్సమ్మ, వెనక ఇంకో ఇరవై మంది దాకా వచ్చి నిలబడ్డారు.

"లేనోళ్లం గూడ ఒత్తినం బిడ్డా. పంపులు ఎప్పుడిస్తరు?"

"పంపులిస్తరని ఎవరు చెప్పిండ్రవ్వా?"

"ఎవరేంది! లేనోళ్లు గూడ పంపు ఒత్తుండ్రని నువ్వే రాస్తివి గద."

శృతి తెర వైపు చూసింది. అక్షరాలు చాలా పెద్దవిగా ఉన్నాయి.