తంగేడుకు పట్టిన గొడుగు

ఆ మధ్యాహ్నం మా ఇంటి ముందు వానలో ఉన్నవాళ్లు: అవ్వ, అమ్మ, పక్కింటి ఖాలా, నేను. ఉన్న వస్తువులు: రెండు గొడుగులు, యూరియా సంచులు కుట్టి చేసిన పరదా, దాన్ని ఎత్తి పట్టడానికి బట్టలారేసే కర్ర, అడుగున బెజ్జాలు పెట్టిన బకెట్. ఉన్న మొక్కలు: తంగేడు, మూడు. నాలుగోది అప్పటికే చచ్చిపోయింది. పని: మొక్కల మీద వాన పడకుండా చూడటం.

ఇది వానలకు మొహం వాచిన నల్గొండలో జరిగింది కాబట్టి రాయాల్సి వస్తోంది. మా అవ్వ చిన్నతనంలో రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, వాన రమ్మని ఇంటింటికీ తిరిగి పాడిన మనిషి. అదే అవ్వ ఇప్పుడు తను తడుస్తూ, గొడుగును మొక్క మీద పట్టుకొని మబ్బును బతిమాలుతోంది.

"ఆగు తల్లీ, రేపటిదాంక ఆగు. ఎల్లుండి నీ ఇష్టం."

రెండో గొడుగు పట్టుకున్న ఖాలా నవ్వు ఆపుకోలేకపోతోంది. "అవ్వా, జర మెల్లగ అను. మొగులు ఇన్నదనుకో, మల్ల పదేండ్లు ఇటు దిక్కు జూడదు."

మర్నాడు సద్దుల బతుకమ్మ. అవ్వ బతుకమ్మ పేర్చకుండా అప్పటికి రెండు పండుగలు పోయాయి. మొదటి ఏడు మా వీధికి తంగేడు పువ్వే రాలేదు. నేను ఉద్యోగానికి రోజూ చౌటుప్పల్ పోయే దారిలో ఒకప్పుడు గుట్టల పక్కనంతా పచ్చగా పూసి ఉండేది. ఇప్పుడు అక్కడ తెల్ల రాళ్లు పాతిన ప్లాట్లు. ఒక వెంచరు కమాను మీద తంగేడు పువ్వు బొమ్మ వేశారు. లోపల ఒక్క చెట్టు లేదు.

"అడుగున తంగేడు లేంది నేను పేర్వ," అంది అవ్వ. "పునాది లేకుండ ఇల్లు గడ్తరా? నువ్వే జెప్పు, సదువుకున్నోనివి."

నేను చదివింది సివిల్ ఇంజినీరింగే. అవ్వ ఇత్తడి తాంబాలం తుడిచి అటక మీద పెట్టించింది. ఆ సాయంత్రం వీధిలో ఆడవాళ్లంతా ఆడుతుంటే గడపలో కూర్చుంది. పాట కూడా అందుకోలేదు.

ఆ చలికాలం నందికొండ రోడ్డు పక్కన ఎండిన కాయలు ఏరుకొచ్చి, గింజల్ని వేడినీళ్లలో నానబెట్టి ఇంటి ముందు వేశాను. తంగేడుకు కావలసినవి మూడు: నిండు ఎండ, నీళ్లు నిలవని నేల, సారం లేని మట్టి. మా వాకిట్లో ఎండ ఒక్కటే సరిగ్గా ఉంది. మా బాపు అంతకుముందే ముచ్చటపడి చెరువు పూడికమట్టి ట్రాక్టరుతో తెప్పించి వాకిలంతా నింపాడు. మొక్కలు ఆ మట్టి తిని నా భుజం దాకా ఎదిగాయి. ఆకు ఉంది, పువ్వు లేదు. అవ్వ రెండో ఏడు కూడా గడపలోనే కూర్చుంది.

వేసవి రాగానే మొక్కల చుట్టూ తవ్వి, మట్టి తీసేసి, నీళ్లు నిలవని రాళ్ల మొరం పోశాను.

"మంది మొరం దీసి మట్టి పోస్తరు," అన్నాడు బాపు. "నువ్వు మట్టి దీసి మొరం పోస్తున్నవ్. మా తాతుంటే నిన్ను దవాఖానకు గొంచవోతుండె."

మొరంతో బాధ లేదు. బాధ నీళ్లతో. బిందె నీళ్ల కోసం ఊరవతలి బోరు దగ్గర పూటంతా నిలబడ్డవాళ్లకు ఇంట్లోకి నల్లా వచ్చాక మొక్కను ఎండబెట్టమంటే చెయ్యి ఊరుకోదు. అవ్వ బియ్యం కడిగిన నీళ్లు పోసేది. బాపు బయటి నుంచి వస్తే సరిగ్గా మొక్క మొదట్లోనే కాళ్లు కడుక్కునేవాడు. ఖాలా గోడ మీది నుంచి చెంబు వంచేది.

"పానం ఊకోలే బేటా. నోరు లేని జీవి."

ఈ మొక్కలకు నీళ్లు పోయరాదు అని బోర్డు రాసి కట్టాను. దారిన పోయే ఒకాయన బండి ఆపి చదివి, "ఏం తమ్మీ, మీ బోర్ల మల్ల ఫ్లోరైడ్ పడ్డదా?" అని అడిగాడు.

ఆ వారమే నాలుగో మొక్క చచ్చిపోయింది. పీకి చూస్తే వేరు నల్లబడి, కుడితి వాసన వచ్చింది. ఆ రోజు నుంచి అందరూ మారిపోయి, ఒకరి నుంచి ఒకరు మొక్కల్ని కాపాడటం మొదలుపెట్టారు. అమ్మ అవ్వ చెంబును దాచింది. అవ్వ బాపుతో కాళ్లు పెరట్లోనే కడిగించింది. ఎవరూ నీళ్లు మోయకుండా నేను బకెట్ అడుగున బెజ్జాలు పెట్టాను.

మొక్కలు మూడూ మొగ్గ తొడిగాయి, పూశాయి. పండుగకు ముందురోజు మధ్యాహ్నం పూలు రాల్చే వాన మొదలైంది; అప్పుడే కోస్తే తెల్లారేసరికి వాడిపోతాయి.

గొడుగు కిందివి రెండూ పరవాలేదు. నడిమి మొక్క మీద నేను కట్టిన పరదాకు వాలు లెక్క చూసుకోలేదు. నీళ్లు నిండి పరదా బర్రె పొట్టలా కిందికి దిగింది. అమ్మ కంగారుపడి కర్రతో కింది నుంచి పొడిచింది. అంతసేపు ఆపిన వానంతా ఒక్కసారిగా ఆ మొక్క మీదే పడింది. దాని పూలన్నీ మొరంలో కలిశాయి.

నేను ఏరబోతే అవ్వ వద్దంది. "నేల మీద రాలినయి గౌరమ్మకు పెట్టరు బిడ్డా."

తెల్లారి అవ్వ తాంబాలం దింపమంది. మిగిలిన రెండు మొక్కల పూలు కోసి అందులో పోసి చూసింది. అంచు కూడా కప్పలేదు. ఈ ఏడూ గడపలోనే కూర్చుంటుందనుకున్నాను. అవ్వ వంటింట్లోకి పోయి చాయ్ సాసర్ తెచ్చింది.

అడుగున తంగేడు ఒక వరుస, పైన గునుగు పూలు ఒక వరుస, నడిమిట్ల పసుపు గౌరమ్మ. దాన్ని రెండు చేతులా పట్టుకొని, నడుమెత్తు బతుకమ్మల మధ్య మా అవ్వ వీధి దాటి పోయింది. ఆమె ఈడు ముసలామె ఒకతి వంగి చూసింది.

"ఏందే ఇది? బతుకమ్మనా, దాని మన్మరాలా?"

"నీదాని అడుగుల ఏమున్నదో సూపియ్యి ముందుగాల."

ఆమె బతుకమ్మ అడుగున ఉన్నది పసుపు రంగు కాగితం. ఆమె చూపలేదు. అవ్వ సాసర్‌ను నడిమధ్యన పెట్టి, కొంగు నడుముకు చెక్కి, తనే పాట ఎత్తుకుంది. సాసర్‌ను తొక్కకుండా అందరూ కిందికి చూస్తూ తిరిగారు.

తంగేడు పూలు మొత్తం పద్నాలుగు.