మృదంగం మాస్టారి శనివారం సాధన

మాఘ శుద్ధ దశమి, ఆదివారం. మా ఎదురింటి మృదంగం మాస్టారు పోయి నేటికి పన్నెండు రోజులు. రాజమండ్రిలో కచేరీలకు వెళ్లేవాళ్లు ఆయన్ని వేదిక మీద చూసే ఉంటారు. ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, ఆయన వరండాలో ప్రతి శనివారం జరిగే సాధన రెండు వారాలుగా ఆగిపోయింది. అది ఆగకూడదు.

ఆయనతో పరిచయం నా తప్పుతోనే మొదలైంది. ఈ వీధికి వచ్చిన కొత్తలో ఒక కచేరీకి వెళ్లాను. పాట ఆగి మృదంగం ఒక్కటే మోగడం మొదలవగానే, సగం మందితో పాటు నేనూ లేచి కాఫీకి వెళ్లాను. మర్నాడు ఆయన మా గేటు దగ్గర ఆగారు.

"కాఫీ బాగుందాండి?"

"నాకు తాళం తెలియదండి" అన్నాను.

"మరి తెలుసుకోవాలి కదండీ! శనివారం రండి. మా ఇంట్లోనూ కాఫీ ఇస్తారు, వాయింపు అయ్యాక."

అలా వెళ్లినదాన్ని ఇరవై రెండేళ్లు మానలేదు. నాదం గంభీరంగా పలకడానికి మృదంగం ఎడమ వైపు తడిపిన రవ్వ ముద్ద అద్దుతూ, నా చేత తొడ మీద తాళం వేయించేవారు. "తప్పితే తప్పండి, చెయ్యి ఆపకండి" అనేవారు. సాధనకు వచ్చి పాడే అమ్మాయి తాళం తప్పితే తానూ వాయింపు ఆపేవారు కాదు. ఆమె మళ్లీ అందుకునేదాకా మెల్లగా వాయిస్తూ ఉండేవారు. ఎవరి తప్పునూ నలుగురిలో ఎత్తి చూపలేదు. నేను నలభై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి కూడా ఆ ఓర్పు నేర్చుకోలేకపోయాను.

నిన్న ఆయన శిష్యురాలు అలవాటు కొద్దీ నరసాపురంలో రైలెక్కి వచ్చేసింది. అక్కడ స్కూల్లో టీచరు. మూసిన తలుపులు చూసి మా ఇంటికి వచ్చింది. ఫాల్గుణంలో మాస్టారు వాయించాల్సిన కచేరీకి నిర్వాహకులు ఆమెను అడిగారట. వద్దందట.

"మాస్టారు లేకుండా నా తప్పు చెప్పేదెవరండి, మామ్మగారూ?"

"నేను చెప్తాను. వాయించలేను గానీ, నువ్వు తప్పితే నా చేతికి తెలుస్తుంది."

కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "మీ ముందు వాయించడం మాస్టారి ముందు కంటే కష్టమండి బాబూ!"

"అయితే మరీ మంచిది. వచ్చే శనివారం ఐదింటికి. రైలు లేటని చెప్పకు."

"సరేనండి, కచేరీకీ వాయిస్తాను" అంది.

ఇక జరగవలసినవి:

1. కచేరీకి ఆమె వాయిస్తుందని రేపు ఉదయమే నిర్వాహకులకు ఫోన్ చేయాలి.
2. మాస్టారి మృదంగానికి కుడివైపు తోలు వదులైంది. శుక్రవారం లోపు బిగింపించాలి.
3. సాధన వినడానికి ఎవరైనా రావచ్చు. మాస్టారి భార్య ఐదింటికల్లా వరండా తలుపులు తీసి ఉంచుతానన్నారు.
4. శిష్యురాలు ఇదివరకటిలా గోడవారన కూర్చోకూడదు. మాస్టారు కూర్చునే నడుమ చాప మీద, పాడేవాళ్ల పక్కన, మృదంగం ఒళ్లోకి తీసుకుని కూర్చోవాలి.