పచ్చడి పెట్టే చెయ్యి

మా ఇంట్లో పండుమిరపకాయ పచ్చడి పెట్టేది నేనే. కాపరానికి వచ్చిన మూడో ఏటి నుంచి ఆ పని నాదే. నేను పెట్టిన పచ్చడి మళ్ళీ కాయ వచ్చేదాకా బూజు పట్టదు, రంగు తిరగదు. దాని చెయ్యి మంచిది అనేవాళ్ళు ఊళ్ళో. చెయ్యి మంచిదీ కాదు చెడ్డదీ కాదు, తడి తగలనివ్వను, అంతే. అయినా ఆ మాట వింటే నాకు లోపల పొంగేది, అబద్ధమెందుకు.

తొంభైల చివర్లో ఓ వానాకాలం గుంటూరులో నాకు ఆపరేషన్ చేశారు. పెద్దపేగు చివర గడ్డ ఉందని అంతవరకూ కోసేసి, మిగిలిన పేగు కొసను పొట్టకు ఎడమపక్క బయటికి తెచ్చి కుట్టారు. ఇక బతికినన్నాళ్ళూ దొడ్డికి దారి అదే. దాని మీద అంటించుకోవడానికి ఒక సంచి.

ఆస్పత్రిలో నర్సమ్మ ఆ సంచి మార్చడం మా ఆయనకు చూపిస్తోంది. నేను కొయ్యలా పడుకుని ఉంటే నా పొట్ట మీదుగా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ఏమండీ, పొట్ట నాది. ఆ నేర్పేదేదో నాకు నేర్పండి" అన్నాను.

ఆవిడ ఏమీ అనుకోకుండా నా చేతికి అద్దం ఇచ్చింది. భయపడుతూనే చూశాను. పేగు కొస అప్పుడే కోసిన పండుమిరపకాయలా ఎర్రగా, తడిగా ఉంది. "ఎర్రగా ఉంటేనే మంచిదమ్మా, నల్లబడితే పరిగెత్తుకుంటూ రావాలి" అంది. ఎరుపులో మంచీ చెడూ మిరప రైతు పెళ్ళానికి వేరే చెప్పాలా అనుకున్నాను. ఆ రోజు నుంచి నా పొట్ట మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు.

ఇంటికొచ్చాక వారానికి రెండుసార్లు మార్చుకునేదాన్ని. పొద్దున్నే, కాఫీ కూడా తాగకముందే. కడుపులో ఏమీ పడకపోతే పేగు ఊరుకుంటుంది. వెనకగదిలో కిటికీ మీద అద్దం, చెంబులో గోరువెచ్చని నీళ్ళు, ఉతికి ఎండబెట్టిన పాత పంచె ముక్కలు. పాత సంచిని పైనుంచి కిందికి, చర్మాన్ని వేలితో అదిమి పట్టి మెల్లగా వలవాలి. చుట్టూ కడిగి, చెమ్మ లేకుండా అద్దాలి. పేగు కొలత శుభలేఖ అట్ట మీద గీసి పెట్టుకున్నాను. సంచికి అంటుకునే బిళ్ళలో అంతకంటే వడ్లగింజ మందం ఎక్కువగా కన్నం కత్తిరించి, అరచేతుల మధ్య వెచ్చబెట్టి, అతికించి కాసేపు అదిమి పట్టుకుంటే అయిపోయింది. రెండు నెలలకు నాకు అద్దం కూడా అక్కర్లేకపోయింది.

మాఘమాసంలో కాయ ఇంటికొచ్చింది. ఊరుకోలేక ఒకరోజంతా కల్లంలో కూర్చుని ఎండుమిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరాను. మర్నాడు పొద్దున సంచి మార్చేటప్పుడు తెలిసింది, ఎంత సబ్బు పెట్టినా చేతుల కారం పోలేదని. పేగుకు ఏమీ తెలియలేదు గానీ చుట్టూ చర్మం భగ్గుమంది. మిరప మంటకు మా వైపు అందరూ చేసేదే నేనూ చేశాను. కొబ్బరినూనె రాశాను. హాయిగా చల్లబడింది. గుడ్డతో తుడిచేసి, దాని మీదే కొత్త సంచి అతికించాను.

నూనె మీద ఏదైనా అంటుకుంటుందా? ఆ బుద్ధి అప్పుడు లేదు.

ఆ పూటే పచ్చడికి పండుకాయలు తెచ్చి వసారాలో దుప్పటి మీద పోశారు. ఒక్కో కాయా పొడిగుడ్డతో తుడుస్తూ వంగానో లేదో, సంచి ఊడిపోయింది. చీరంతా పాడైంది. కాయల మీద చుక్క కూడా పడలేదు, ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాను. నేను శుభ్రం చేసుకుని వచ్చేసరికి మా అత్తయ్య ఆ దుప్పటిని నాలుగు చెంగులూ పట్టించి, కాయలన్నీ కల్లానికి పంపించేసింది.

"ఈ ఏడు పచ్చడి చిన్నకోడలు పెడుతుందిలే అమ్మాయ్" అంది.

తిట్టినా బాగుండేది. ఆ మెత్తని మాటకు నేను గదిలో కూర్చుని ఏడ్చాను. ఆ వారం అన్నం కూడా తోడికోడలి చేతే పెట్టించుకుంది ఆవిడ. ఈ ఏడు అన్నదంటే ఇక ఎప్పటికీ అని నాకు అర్థమైంది. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది.

సంచి మార్చుకునే రోజు పొద్దున్నే వెళ్ళి అత్తయ్యను లేపాను. "ఒకసారి వచ్చి చూడండి. చూశాక మీ ఇష్టం" అన్నాను. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. నేను ఎప్పటిలాగే నా పని చేసుకున్నాను. మధ్యలో ఎప్పుడో కొంగు దించింది.

"చేతులు ఎన్నిసార్లు కడిగావే?" అంది అంతా అయ్యాక.

"లెక్కపెట్టలేదండి."

"నేను పెట్టాను. ఆరుసార్లు. మరి మొన్న ఎందుకు ఊడింది?" అంది.

నూనె సంగతి చెప్పాను. ఆవిడ గుమ్మానికి ఆనుకుంది.

"కారం మంటకు నూనె రాయమని నువ్వొచ్చిన కొత్తలో చెప్పింది నేనేగా" అంది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వారం తర్వాత మళ్ళీ పండుకాయ కోశారు. అత్తయ్య కూలిమనిషిని పిలిచి కాయలు నా ముందు పోయించింది. అప్పటికి నాకూ బుద్ధొచ్చింది. ఆ పొద్దునే సంచి మార్చుకున్నాను, ఇక మూడు నాలుగు రోజులు కారపు చేతులతో పొట్ట చర్మం జోలికి పోనక్కర్లేదు. దంచడానికి పక్కింటి ఆడవాళ్ళిద్దరు వచ్చారు. నా సంగతి తెలిసినవాళ్ళే, రోకలి వేస్తూనే నన్నూ అత్తయ్యనూ మార్చి మార్చి చూస్తున్నారు.

పచ్చడి సగం నలిగాక ఉప్పు చూడమని ఇంటి పెద్దకు ఇవ్వడం మాలో పద్ధతి. రోట్లోంచి కాస్త తీసి అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వాళ్ళిద్దరి ఎదుటా అరచెయ్యి చాపి, పెట్టించుకుని, నాలుక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుని చప్పరించి మొహం చిట్లించింది.

"ఎన్నేళ్ళొచ్చినా నీకు ఉప్పు కుదరదే. ఇంకో గుప్పెడు పడాలి" అంది.

నా జన్మలో ఏ మెప్పుకూ నేను అంత పొంగిపోలేదు. ఉప్పు బాన ముందుకు లాక్కుని, ఆ గుప్పెడూ నా చేత్తో వేశాను.